కవితను ప్రశ్నపత్రంలోనే అచ్చువేయండి

డిగ్రీ ఇంగ్లీషు పాఠ్యప్రణాళికా సంఘం అధ్యక్షుల వారికి,

కీట్సు 1819 సెప్టెంబరులో వించెస్టరులో శరదృతువు మీద రాసిన కవితలో ఆపిల్ పండ్లు పొగమంచు రోజుల్లో పండుతాయి. మా నూజివీడు చిన్నరసాల మామిడిపండ్లు మండుటెండల్లో పండుతాయి. తోటల మధ్య పెరిగిన పిల్లకు ఈ తేడా ఎవరూ చెప్పనక్కర్లేదు. కవిత ఎదుట పెట్టి, ఇందులో పండటం గురించి కవి ఏమంటున్నాడు, ఏ మాటల వల్ల నీకలా అనిపించింది అని అడగండి, తనే రాస్తుంది. ‘కీట్సు ప్రకృతి వర్ణనను వివరింపుము’ అంటే మాత్రం గైడే గతి. అసలు కవిత చదవకుండానే నాలుగు పేజీలు బట్టీ పడుతుంది. అది నాకు చాలా బాధగా ఉంటుంది.

నాటకానికైతే ఒక సన్నివేశం ఇచ్చి, పాత్ర నోట ఒకటీ మనసులో ఒకటీ ఎక్కడున్నాయో చూపమనండి. ‘కన్యాశుల్కం’ నాటకంలోని గిరీశాన్ని ఎరిగిన తెలుగు పిల్లలకు ఇది కష్టం కాదు.

నవల విషయంలో నాది పెద్ద కోరికే. పుస్తకం పరీక్ష హాల్లోకి తెచ్చుకోనివ్వండి. అచెబె 1958 నాటి నవల ‘థింగ్స్ ఫాల్ అపార్ట్’లో ఒకొంక్వో వాటాకు విత్తన దుంపలు తెచ్చుకున్న ఏడాదే ముందు ఎండలు, ఆపైన వానలు పంటను తీసేస్తాయి. పూత రాలిపోయినా తోట కౌలు కట్టక తప్పని ఇంటి కుర్రాడు ఆ అధ్యాయం మీద రాసే జవాబు ఏ గైడులోనూ దొరకదు.

పేపర్లు దిద్దేవారికీ దయచేసి చెప్పండి: సొంత అభిప్రాయానికి పుస్తకంలోంచి ఆధారం చూపితే, వ్యాకరణం తడబడినా మార్కులు కోయొద్దని. కొత్త పద్ధతికి మాదిరి ప్రశ్నలు కాలేజీలు తెరిచేలోగానే పంపండి.

ఇట్లు,
నూజివీడు నుంచి ఒక ఇంగ్లీషు అధ్యాపకురాలు