తాళం తియ్యండి

మా ఊరి గ్రంథాలయం వెనక గదిలో తాళం వేసిన బీరువా ఒకటుంది. ఎవరో పెద్దమనిషి వచ్చి "ఇలాంటివి జనం చేతికిస్తారా?" అని గొంతు పెంచినప్పుడల్లా ఒక పుస్తకం అందులోకి పోతుంది. ఉత్తర్వు లేదు, సంతకం లేదు. అడిగితే "బైండింగుకెళ్లిందండీ" అంటారు.

ఉన్నవ లక్ష్మీనారాయణ జైల్లో రాసిన ‘మాలపల్లి’ని నాటి మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. దుర్మార్గమే. కానీ కాగితం మీద చేసింది, కాబట్టి ఎదిరించడానికి ఒక కాగితమంటూ ఉంది. కాంగ్రెసు మంత్రివర్గం వచ్చాక 1937లో ఆ నిషేధం పోయింది. మరి బైండింగుకెళ్లిన పుస్తకం కోసం ఎవరిని నిలదియ్యాలి?

ఈ ప్రశ్నతోనే మేం, ఈ ఊరి పాఠకులం, సంఘం కడుతున్నాం.

1935లో పెదపాలెం కాలువలో పడవ మీద పుస్తకాలు పెట్టుకుని ఊరూరా తిప్పిన నేల ఇది. అప్పుడు పాఠకుణ్ణి వెతుక్కుంటూ పుస్తకం వెళ్లింది. ఇప్పుడు పాఠకుడే గుమ్మంలోకొచ్చి నిలబడితే దాస్తున్నాం. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను కడుతున్నది మనమే.

పుస్తకం మీద అభ్యంతరముంటే చెప్పొద్దనడం లేదు. మొత్తం చదివి, ఏ పేజీలో ఏముందో రాసి, కింద సంతకం పెట్టి ఇవ్వాలి. వాట్సాప్‌లో వచ్చిన నాలుగు వాక్యాలు చాలవు. నిర్ణయం తేలేదాకా పుస్తకం అరలోనే ఉండాలి. తియ్యాల్సివస్తే కారణం నోటీసు బోర్డు మీద అంటించాలి. పిల్లల విభాగంలో ఏముండాలన్నది వేరే మాట, దానిమీద కూర్చుని మాట్లాడుకోవచ్చు.

గ్రంథపాలకుడితో మాకు తగువు లేదు. చాలీచాలని జీతానికి పనిచేసే మనిషి, పెద్దమనిషిని ఒక్కడే ఎలా ఎదిరిస్తాడు? ఆయన పక్కన నిలబడడమే మా మొదటి పని.

మాలో చలం పేరెత్తితే మొహం చిట్లించేవాళ్లున్నారు. ‘రామాయణ విషవృక్షం’ అంటే లేచి వెళ్లిపోయేవాళ్లున్నారు. రామాయణమే ఎందుకనేవాళ్లూ ఉన్నారు. సంఘం పెట్టుకునే రోజున దీనిమీద రెండు గంటలు కొట్టుకున్నంత పనైంది. చివరికి అందరూ సంతకాలు పెట్టారు. తనకు గిట్టని పుస్తకం కోసం కూడా నిలబడతాననేవాళ్లకే ఇందులో సభ్యత్వం.

వచ్చే ఆదివారం పొద్దున పది గంటలకు పత్రికల గదికి రండి. కార్డు తెచ్చుకోండి. అడిగినా దొరకని పుస్తకం పేరు, అడిగిన తేదీ ఒక తెల్లకాగితం మీద రాసి తీసుకురండి.