పొట్ట స్కాన్ మనకేనా, మగవాళ్ళకి వద్దా?

స్కాన్ అనగానే మన ఆడవాళ్ళకి గుర్తొచ్చేది మూడో నెల, అయిదో నెల, సీసాడు నీళ్ళు తాగి కూర్చోవడం, చల్లటి జెల్లు. అదే మిషను ఇంట్లో పెద్దవయసు మగవాళ్ళ ప్రాణం కూడా కాపాడుతుందని మనకెవరూ చెప్పరు.

గుండె నుంచి వచ్చే పెద్ద రక్తనాళం, బృహద్ధమని, పొట్టలో వెన్నెముక ముందు నుంచి కిందికి దిగుతుంది. అక్కడ దాని వెడల్పు సుమారు 2 సెంటీమీటర్లు. గోడ బలహీనపడి 3 సెంటీమీటర్లు, ఆపైన ఉబ్బితే అన్యూరిజం అంటారు. పాత సైకిల్ ట్యూబు ఒకచోట బుడగ కట్టినట్టన్నమాట. చాలామందికి ఏ నొప్పీ ఉండదు. పగిలిందంటే మాత్రం ఎంతోమంది ఆసుపత్రి దాకా కూడా చేరరు. 1955లో ఐన్‌స్టీన్ చనిపోయింది దీనివల్లే.

మా పెద్దమామగారికి గాల్ బ్లాడర్‌లో రాళ్ళేమోనని స్కాన్ తీస్తే 4.2 సెంటీమీటర్ల వాపు కనపడింది. నలభై ఏళ్ళు సిగరెట్లు కాల్చిన మనిషి. "నాకేం నొప్పి లేదు కదమ్మా, ఎందుకీ గోల" అన్నారు. ఇప్పుడు సిగరెట్ మానేశారు, బీపీ మాత్ర మానకుండా వేసుకుంటారు, ఏడాదికోసారి స్కాన్. మగవాళ్ళలో 5.5 దాటితే ఆపరేషన్ సంగతి ఆలోచిస్తారట. అప్పుడు సీటీ యాంజియో తీస్తారు. అందులో రంగు మందు ఎక్కిస్తారు కాబట్టి ముందు కిడ్నీల పరీక్ష చేస్తారు. మామూలు అల్ట్రాసౌండ్‌కి సూదీ లేదు, రేడియేషనూ లేదు.

"పరీక్షలు చేయిస్తే లేనిపోని రోగాలు బయటపడతాయి" అంటారు మనవాళ్ళు. బయటపడితేనే కదండీ, కాచుకోగలం! ఇంగ్లండులో 65 ఏళ్ళు నిండే మగవాళ్ళని ప్రభుత్వమే పిలిచి ఈ స్కాన్ చేస్తుంది. మన దగ్గర ఆ పిలుపు రాదు. ఇంట్లో మనమే పిలవాలి.

అందరికీ అక్కర్లేదు. 65 దాటి, ఎప్పుడైనా చుట్టో బీడీయో సిగరెట్టో కాల్చినవాళ్ళు, తండ్రికో అన్నదమ్ములకో ఈ జబ్బు వచ్చినవాళ్ళు డాక్టర్ని అడగాలి. ఆడవాళ్ళకి తక్కువే, కానీ బొత్తిగా రాదని కాదు. వస్తే తక్కువ సైజులోనే పగిలే ప్రమాదం ఉంది. ఉత్తరాంధ్రలో అడ్డపొగ తాగే పెద్దమ్మలు, అమ్మమ్మలు కూడా మన లెక్కలో ఉండాలి.

ఇంకొక్క మాట. హెల్త్ చెకప్‌లో పొట్ట స్కాన్ ఎలాగూ ఉంటుంది. పరగడుపున వెళ్ళమనండి, కడుపులో గ్యాస్ ఉంటే నాళం సరిగ్గా కనపడదు. "అయోర్టా సైజు కూడా రాయండి" అని అడగండి. రిపోర్టు బీరువాలో పెట్టేముందు ఆ అంకె మీరే ఒకసారి చూడండి. పిల్లల మార్కులు చూసినంత శ్రద్ధగా చూస్తే చాలు.