శ్రీశైలపు త్రోవ



సెలవులు సమీపించినంతనే “ఎచ్చటికి పోవుదము?” అను ప్రశ్న ప్రతి యింటను పుట్టును. మా యాత్మకూరివారికి సాధారణముగా శ్రీశైలమే యుత్తరము. అయినను ఎచ్చటికి పోవుదుమను దానికంటె ఎట్లు పోవుదుమను దానిని మన మెక్కువగా ఆలోచింపవలసియున్నది.

ఇప్పుడు పెక్కుమంది తెల్లవారుజామున కారెక్కి, దోర్నాల మీదుగా పోయి, దర్శనము ముగించుకొని, పాతాళగంగకు రోప్‌వే, పడవ, అంగళ్లు, ఫోటోలు అని పరుగులు పెట్టుదురు. రాత్రి అడవిదారి మూయుదురను తొందరతో మరలి వత్తురు. నల్లమలలో ఏమి చూచితిరని పిల్లల నడిగినచో బొమ్మల వెలలు చెప్పుదురు గాని యొక్క చెట్టు పేరైన చెప్పలేరు. ఏడాది కొకమాఱు వంటయిల్లు విడిచి బయలుదేరిన ఇల్లాలికి ఆ దినము కూడ సంచులు లెక్కించుటకే సరిపోవును. రోప్‌వే యెక్కుట తప్పని మేము చెప్పము. అది ఏ కొండకైనను కట్టవచ్చును. నల్లమల మాత్రము మఱియొకచోట లేదు.

మన పెద్దలకు త్రోవయే సగము యాత్ర. ఆత్మకూరునుండి వెంకటాపురము, నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను, కైలాసద్వారముల మీదుగా పోవు కాలిబాట మిక్కిలి ప్రాచీనమైనది. 14వ శతాబ్దమున ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలమునకు మెట్లు కట్టించెను. నేటికిని ఉగాదికి కన్నడ భక్తులు వేలకొలదిగ ఈ బాటనే నడిచిపోవుదురు. వారిలో మూటలు నెత్తిన పెట్టుకొని పోవు స్త్రీ లెందఱో కలరు.

ఆ దినములలో అడవి చూడదగినది. మేము ఇంట కావ్యములు చదువుకొన్న కాలమున కింశుకము, మధూకము అను మాటలకు అర్థము కంఠస్థము చేసితిమే గాని ఆ చెట్ల నెఱుగము. ఆకులు రాల్చి ఎఱ్ఱగా పూచిన మోదుగయే కింశుకమనియు, తెల్లవారకముందే తీయని పూలు రాల్చు ఇప్పయే మధూకమనియు నల్లమలలోనే కన్నులార చూచి తెలిసికొంటిమి. పుస్తకము చెప్పినదానిని అడవి చూపినది.

అయితే ఇది 1983 నుండి పులుల సంరక్షణారణ్యము. ఉత్సవదినములలో తప్ప అటవీశాఖవారి అనుమతి లేనిదే ఈ బాటను పోరాదు. చంటిబిడ్డలతోను వృద్ధులతోను పోవువారు, మా యూరికి సమీపముననే దోర్నాల దారిలో బైర్లూటియందు అటవీశాఖవారు ఏర్పఱచిన బసలో ఒక్క రాత్రి నిలిచినను చాలును. వేకువను పక్షుల కూతలు వినుటకు రుసుము లేదు.

జొన్నరొట్టెలు, పెరుగన్నము ఇంటనుండియే కొనిపొండు. ప్లాస్టిక్ సంచు లడవిలో విడువకుడు. వానిని దుప్పులు తిని చచ్చును. కోతులకు తినుబండారములు వేయకుడు. చెంచుల గుడిసెల ముందు నిలిచి ఫోటోలు తీయుట మర్యాద కాదు. మన వాకిట ఎవరైన నట్లు చేసిన మన మొప్పుకొందుమా?

బొమ్మ నెల తిరుగకముందే విఱుగును. తల్లి చూపి చెప్పిన చెట్టు పేరు బిడ్డకు జీవితాంతము నిలుచును. వచ్చు సెలవులలో మీ పిల్లలకు మూడు చెట్ల పేర్లైన నేర్పి తీసికొనిరండు.