వెనుక సీటు మనిషికి బీమా లేదు

బీమా లేని మోటారు సైకిలుకు బంకులో పెట్రోలు పోయరాదనియు, పట్టుబడినవానికి వేయుచున్న రెండు వేల రూపాయల జరిమానా చాలదనియు, పల్లెజనమునకు ఈ విషయమున అవగాహన బొత్తిగా లేదనియు కొంతకాలముగా అధికారులును బీమా రంగపు పెద్దలును చెప్పుచునే యున్నారు. పత్రికలు వారి మాటలను మారుప్రశ్న వేయక అచ్చొత్తుచునే యున్నవి. 2018లో సుప్రీం కోర్టు ఎదుటకు వచ్చిన లెక్కను, అనగా దేశములోని 18 కోట్ల వాహనములలో 6 కోట్లకు మాత్రమే థర్డ్ పార్టీ బీమా ఉన్నదన్న దానిని, ఇందుకు తార్కాణముగా చూపుదురు. బీమా కట్టనివాని తప్పు ఇంతగా తెలిసిన ఈ పెద్దలలో ఒక్కరైనను బీమా కట్టినవాని యింట ఏమి జరుగుచున్నదో చెప్పుట లేదు. ఏటేట తప్పక థర్డ్ పార్టీ కట్టిన గృహస్థు భార్యను వెనుక కూర్చుండబెట్టుకొని పోవుచుండగా, గేదె అడ్డము వచ్చి బండి పడి ఆమె మరణించినచో, ఆ పాలసీ క్రింద ఆమె పిల్లలకు దమ్మిడీ రాదు.

ఇది ఏ కంపెనీ దుర్మార్గమో కాదు. న్యాయస్థానము నిర్ణయించిన చట్టము. స్కూటరు వెనుక కూర్చున్నవాడు ‘థర్డ్ పార్టీ’ కాడనియు, చట్టము కోరిన కనీసపు పాలసీ మాత్రమే కట్టియున్నచో వాని మరణమునకు పరిహారమిచ్చు బాధ్యత కంపెనీకి లేదనియు 2006 ఏప్రిల్‌లో సుప్రీం కోర్టు తీర్పు చెప్పెను. 2008లో మరల అదే మాట చెప్పెను. 2006 తీర్పునకు ఆధారమైన తర్కము మరింత విచిత్రమైనది. సరకుల లారీలో ఉచితముగా ఎక్కినవాని విషయమున 2002 డిసెంబరులో చెప్పిన న్యాయమును తెచ్చి, అది ఏ వాహనములోని ఉచిత ప్రయాణికునికైనను సమానముగా వర్తించునని స్కూటరుకు అన్వయించిరి. ఇసుక లారీని చెయ్యెత్తి ఆపి ఎక్కిన బాటసారియు, మగని బండిమీద పుట్టింటికి పోవు ఇల్లాలును ఈ దృష్టిలో ఒక్క తరగతివారే. భార్యకు భర్త టిక్కెట్టు కొట్టవలసి యుండెనేమో!

ఇప్పుడు ఎవరును ఎత్తని అంకె యొకటి. కేంద్ర రోడ్డు రవాణా శాఖ నివేదిక ననుసరించి 2022లో రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది మరణింపగా, అందు 74,897 మంది ద్విచక్ర వాహనములమీద నున్నవారు. హెల్మెట్టు లేక మరణించినవారు 50,029 మంది అని అదే నివేదిక చెప్పుచున్నది. హెల్మెట్టు ప్రచారమునకు వచ్చిన ప్రతి అధికారియు ఈ అంకెను వల్లించును. దానిని విడదీసి చూచినవారు అరుదు. ఆ 50,029 మందిలో బండి నడుపుచున్నవారు 35,692 మంది, వెనుక కూర్చున్నవారు 14,337 మంది. హెల్మెట్టు పెట్టుకొని కూడ మరణించిన వెనుకవారు ఇందులో చేరనే లేదు. ప్రభుత్వము తానే లెక్కించి అచ్చువేసిన ఈ 14,337 మంది, తామెక్కిన బండికి కట్టిన కనీసపు పాలసీ దృష్టిలో, ఎవరును కారు.

వీరిలో ఒక్కరికిని పరిహారము రాలేదని అనుట లేదు. లారీయో బస్సో వచ్చి గ్రుద్దినప్పుడు ఆ లారీ బీమా కంపెనీకి వెనుకనున్నవాడును థర్డ్ పార్టీయే. తప్పు ఇరు వాహనములదైనను మొత్తము సొమ్ము వారిలో ఏ యొక్కరినుండియైనను రాబట్టుకొనవచ్చునని 2015లోను, ముగ్గురెక్కినంత మాత్రమున పరిహారమును కోయరాదని 2020లోను అదే సుప్రీం కోర్టు చెప్పినది. 2025 మే నుండి ప్రమాద బాధితులకు ఏడు దినములవరకు లక్షన్నర రూపాయల మేరకు నగదు రహిత చికిత్స పథకమును గలదు. ఇవి మంచివే. అయితే లారీ లేని ప్రమాదము మాట ఏమి?

దిగువ కృష్ణా డెల్టాలో ప్రమాదమునకు లారీ అక్కరలేదు. బందరు విజయవాడ రహదారి మీదను, కత్తిపూడి నుండి బందరు మీదుగా ఒంగోలు పోవు 216వ జాతీయ రహదారి మీదను, పామర్రు నుండి గుడివాడ మీదుగా పోవు 165వ రహదారి మీదను లారీలు విరివిగానే తిరుగును. కాని ఘంటసాల, చల్లపల్లి, మోపిదేవి, అవనిగడ్డ, కోడూరు, నాగాయలంక ప్రాంతములలో ఊరినుండి ఊరికి పోవు దారి చాలచోట్ల కాలువ గట్టే. ఒక ప్రక్క నీరు, మరియొక ప్రక్క చేను; మలుపులో అడ్డుగోడ యుండదు, ఉన్నచోట విరిగి యుండును. నల్లరేగడి నేల క్రుంగినకొలది తారు అంచు జానెడు దిగిపోవును. సార్వా కోతలైన నాటినుండి సగము రోడ్డు ధాన్యము ఆరబోయు కళ్ళము. ఆ ధాన్యముమీదికి బండ్లు రాకుండ పేర్చిన రాళ్ళు ధాన్యము మిల్లుకు పోయిన పిదపను అక్కడనే పడియుండును. ప్రొద్దు గ్రుంకిన తరువాత వెనుక దీపము లేని ట్రాక్టరు ట్రక్కు దగ్గరకు వచ్చినదాక కానరాదు. చేపల వ్యానునుండి కారిన నీటిలో చక్రము జారుటకు క్షణము చాలును. ఇక వెనుక సీటుమీద నుండునది ఎవరు? నాట్లకు పోవు కూలి స్త్రీ, మోకాళ్ళ నొప్పులకు బందరు ఆసుపత్రికి పోవు ముసలి తల్లి, గంపతో సంతకు పోవు జాలరి స్త్రీ, ఏటిమొగ రేవులో పడవ దాటి ఎదురుమొండి దీవికి పోవలసిన ఉద్యోగి. బస్సు ముఖము ఎరుగని ఊళ్ళలో ఆ సీటే బస్సు. అట్టి సీమలో 14,337 అను అంకె ఢిల్లీ నివేదికలోని అంకె కాదు. ప్రతి ఊరిలోను ఏదో యొక యింటి గడప దగ్గర ఆగు అంకె.

అట్టి బండి జారి వెనుకనున్న ఇల్లాలు మరణించినదనుకొందము. పోలీసులు కేసు వ్రాయుదురు. నిర్లక్ష్యముచేత ప్రాణహాని కలిగించెనని భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షను క్రింద ముద్దాయి ఆమె భర్తయే. బ్రేక్ ఇన్‌స్పెక్టరు వచ్చి బండిని పరీక్షించి కాగితమిచ్చును. శవపంచనామా, పోస్టుమార్టం ముగిసిన పిదప పిల్లల పక్షమున ఏ అమ్మమ్మయో మేనమామయో బందరు జిల్లా కోర్టులో దావా వేయవలెను. మొదటి ప్రతివాది బండి యజమాని, అనగా ఆ పిల్లల తండ్రి. రెండవ ప్రతివాది బీమా కంపెనీ. కంపెనీ వకీలునకు శ్రమ లేదు. పాలసీ కాగితము చూపి, ఇది కనీసపు పాలసీ, వెనుక కూర్చున్నది థర్డ్ పార్టీ కాదు, 2006 తీర్పు చిత్తగింపుడు అని కూర్చుండును. తప్పు లేకున్నను చెల్లించవలసిన ఐదు లక్షల రూపాయలు మోటారు వాహనముల చట్టము 164వ సెక్షనులో ఉన్నవి గదా అని ఎవరైన అందురేమో. పాలసీయే ఆ మనిషిని ఎరుగనప్పుడు ఆ సెక్షను మాత్రము నాకెట్లు తగులునని కంపెనీ అక్కడను అదే తీర్పును అడ్డము పెట్టగలదు. చివరకు మిగులునది పిల్లలకు తండ్రిమీద డిక్రీ. తల్లి పోయినందుకు ఆ కుటుంబము తన ఎకరము చేనును తనకే జప్తు చేయించుకొనవలెను!

ఇదే మనిషిని ఇతర నిబంధనలు ఎంత శ్రద్ధగా గుర్తించుచున్నవో చూడుడు. హెల్మెట్టు విషయమున మోటారు వాహనముల చట్టము 129వ సెక్షను నడుపువానిని వెనుకవానిని వేరు చేయదు. నాలుగేండ్లు దాటిన ప్రతివారును పెట్టుకొనవలసినదే, లేనిచో వేయి రూపాయలు. వెనుక ఒక్కరు గాక ఇద్దరు కూర్చున్నచో మరియొక వేయి. క్రిమినలు చట్టమునకు ఆమె హతురాలు. ట్రాఫిక్ చట్టమునకు ఆమె ప్రయాణికురాలు. రవాణా శాఖ నివేదికకు ఆమె 14,337లో ఒకతె. సొమ్మివ్వవలసిన చోట మాత్రమే ఆమె అదృశ్యురాలు.

2018 సెప్టెంబరులో ప్రమాద బీమాను లక్ష నుండి పదిహేను లక్షలకు పెంచితిమని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ గొప్పగా చెప్పుకొన్నది. మద్రాసు హైకోర్టు 2017లో ఆదేశించిన మీదట జరిగిన పని అది. పెంచినమాట నిజమే. ఎవరికి? ‘ఓనర్ డ్రైవరు’కు, అనగా ఆర్‌సీలో పేరు గలవాడు, లైసెన్సు గలవాడు, తానే నడుపుచున్నవాడు. కుమారుని పేర నున్న బండిని తండ్రి నడిపినను, బావమరిది బండిని అడిగి తెచ్చుకొన్నను, ఆ పదిహేను లక్షలు గాలిలోనివే. అరువు బండి సంగతి 2009లోనే తేలినది: అడిగి తెచ్చుకొన్న హీరో హోండాపై పోవుచు ఎడ్లబండిని గ్రుద్దుకొని మరణించినవాడు యజమాని స్థానములో నిలిచినట్లే గనుక అతని వారసులకు మోటారు వాహనముల చట్టము 163-ఎ సెక్షను క్రింద హక్కు లేదని సుప్రీం కోర్టు చెప్పెను. మన పల్లెలలో బండి అరువు పోని యిల్లు లేదు. వెనుకనున్నవారికో, ఈ పదిహేను లక్షలలో పదిహేను పైసలును లేవు.

వెనుకవారికి రక్షణ ఎచ్చటను లేదని కాదు. జనము ‘ఫుల్ ఇన్సూరెన్సు’ అని పిలుచు ప్యాకేజీ పాలసీలో గలదు. కంపెనీలు అందును సాకులు చెప్పుచుండగా నియంత్రణ సంస్థ 2009 నవంబరు 16న సర్క్యులరు పంపి వారి నోరు మూయించవలసి వచ్చినది, 2012లో సుప్రీం కోర్టును దానిని సమర్థించినది. ఇందులోని అసంగతత్వమును గమనింపుడు. ప్యాకేజీ పాలసీ ప్రధానముగా బండికి కలుగు నష్టమునకు చేయునది. అద్దము పగిలినను, ట్యాంకు సొట్టపడినను సొమ్ము వచ్చుటకు. ఇనుమునకు బీమా చేసినవాని భార్యకే రక్షణ. పాతబడిన బండికి ఇనుపబీమా ఎందుకని మానినవాని భార్యకు లేదు. 2018 సెప్టెంబరు 1 నుండి క్రొత్త బండికి ఐదేండ్ల థర్డ్ పార్టీ తప్పనిసరియైనది. దానితోపాటు షోరూములో కలిపి యిచ్చు ఓన్ డ్యామేజి భాగము పలువురి పాలసీలలో తొలి యేటితోనే ముగియును. రెండవ యేట ఎవరును అడుగరు. పోలీసు ఆపి చూచినను కాగితము చెల్లుబాటులోనే యుండును. సక్రమముగా బీమా గల బండిమీదనే, ఎవరికిని తెలియకుండ, వెనుక సీటు రక్షణ జారిపోవును. ఐదేండ్లు దాటిన పిదప రవాణా కార్యాలయము ముందరి దుకాణములో కట్టునది థర్డ్ పార్టీ మాత్రమే. ఇది జనుల అజ్ఞానము కాదు, చట్టము వారిని అడిగినది అంతే.

అజ్ఞానమను మాట బందరుకు చెప్పుట మరింత చోద్యము. 1923లో ఆంధ్రా బ్యాంకును నెలకొల్పిన భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు 1925లో ఇదే బందరులో ఆంధ్రా ఇన్సూరెన్సు కంపెనీని స్థాపించిరి. పాలసీ అనగా నేమో, ప్రీమియము అనగా నేమో ఢిల్లీనుండి వచ్చి నేర్పవలసినంత వెనుకబడిన ఊరు కాదిది. సొమ్ము కట్టినచో ఇంటివారికి రక్షణ దొరకునను సామాన్య విశ్వాసము ఇచ్చటివారికి వందేండ్ల నాడే గలదు. ఆ విశ్వాసమును వాడుకొని అమ్ముచున్న సరకులో ఇంటివారే లేరు.

వెనుకవారిని చేర్చినచో ప్రీమియము పెరుగునని కంపెనీల వాదము. పెరుగనిండు. 2022 జూన్‌లో నిర్ణయించిన మేరకు 75 సీసీ దాటి 150 సీసీ లోపు బండికి థర్డ్ పార్టీ రేటు సంవత్సరమునకు 714 రూపాయలు, నెలకు అరువది రూపాయలు నిండదు. ఈ రేటును నిర్ణయించునది బజారు కాదు, ప్రభుత్వము. వెనుక సీటునకు అదనముగా ఎంత కావలెనో లెక్కగట్టి ఆ 714కు చేర్చుటకు ఎవరు అడ్డు? ఇష్టమైనవారు అదనపు ప్రీమియము కట్టి చేర్చుకొనవచ్చును గదా అని సమాధానము చెప్పుచున్నారు. ఇష్టమునకు వదలినచో చాలునను నమ్మకమే యున్నచో థర్డ్ పార్టీని మాత్రము తప్పనిసరి చేయనేల? దారిన పోవు అపరిచితుని ప్రాణమును నిర్బంధముగా కాపాడు చట్టము, బండిమీద నున్న తల్లి ప్రాణమును కొనువాని అభిరుచికి వదలివేయుచున్నది.

కోర్టును తప్పుపట్టి లాభము లేదు. శాసనమున ఉన్న మాటలకు అది అర్థము చెప్పినది. 2019లో పార్లమెంటు మోటారు వాహనముల చట్టమును మొదలంట సవరించినది. ‘థర్డ్ పార్టీ’ యనగా ఎవరు అను నిర్వచనమునే చేతికి తీసుకొని, అందులో ప్రభుత్వమును చేర్చినది, రవాణా వాహనము డ్రైవరును చేర్చినది, అతనితోడి పనివానిని చేర్చినది. కలము కాగితము మీదనే యుండెను; మోటారు సైకిలు వెనుక కూర్చున్న మనిషి అని నాలుగు మాటలు వ్రాయుటకు చేయి రాలేదు. మరచిరని చెప్పుటకును వీలులేదు. అప్పటికి 2006 తీర్పు పదమూడేండ్ల పాతది, దేశములోని ప్రతి బీమా వకీలునకును కంఠస్థము. మూడేండ్లకు అదే ప్రభుత్వపు నివేదికలో 14,337 మంది తేలిరి.

జనవరిలో రోడ్డు భద్రతా మాసోత్సవములని మరల బందరులోను గుడివాడలోను ఊరేగింపులు తీయుదురు. హెల్మెట్టు పెట్టుకొన్న అధికారుల ఫొటోలు పత్రికలలో పడును. వేదికమీద బీమా కంపెనీ ప్రతినిధి యొకడు జనుల అవగాహనా లోపమునకు విచారించును. ఆ మాట అనకముందు ఆయన తన కంపెనీ అమ్ము థర్డ్ పార్టీ పాలసీ మొదటి పుటమీద, ఇంగ్లీషున సన్నని అక్షరములలో గాక తెలుగున పెద్ద అక్షరములలో, ‘ఈ బండి పడినచో వెనుక కూర్చున్నవారికి మేము ఏమియు ఇవ్వము’ అని అచ్చువేయించవలెను. అట్లు వేసినచో పాలసీలు అమ్ముడుపోవని భయమా? ఆ భయమును ఆ వేదికమీదనే చెప్పవలెను; పెట్రోలు ఆపవలెనని సలహా యిచ్చు అధికారి ప్రక్కనే కూర్చుండి వినవలెను.