నుస్ఖాకి కూడా ఇమ్తెహాన్ ఉండాలి



ప్రతి మర్జ్‌కీ అల్లాహ్ దవా పెట్టాడని మన యకీన్. ప్రవక్త (స) నేర్పిన మాట అది. దవా ఉంది కాబట్టి తలాష్ చేయాలి అని కొందరు అర్థం చేసుకుంటారు. దవా ఉంది కాబట్టి వాట్సాప్‌లో వచ్చిందే అది అనుకునేవాళ్లే ఎక్కువ. మా కూచిపూడిలో ఏ ఇంటికెళ్లినా ఫోన్లో షుగర్‌కి ఓ నుస్ఖా, కిడ్నీ రాళ్లకి ఓ నుస్ఖా. "కంపెనీలు దాచేశాయి, అందరికీ పంపండి" అని కింద తాకీదు.

నేను యునానీకి దుష్మన్‌ని కాను. నుస్ఖా మీద ఇజ్జత్ ఉన్నవాళ్లే దాన్ని ఇమ్తెహాన్‌కి పెట్టారని చెప్పడానికే ఇది రాస్తున్నా. హకీమ్ అజ్మల్ ఖాన్ సాహెబ్‌నే చూడండి. యునానీలో అస్రోల్ అనే వేరు, మన సర్పగంధి, తరాలుగా వాడుకలో ఉంది. మా బుజుర్గులు వాడారు, చాలు అని ఆయన ఊరుకోలేదు. జర్మనీలో కెమిస్ట్రీ చదివిన సలీముజ్జమాన్ సిద్దీఖీని ఢిల్లీ తిబ్బియా కాలేజీకి పిలిచారు. సిద్దీఖీ 1931లో ఆ వేరు నుంచి ఒక పదార్థాన్ని విడదీసి, అప్పటికే ఇంతెఖాల్ అయిన హకీమ్ సాహెబ్ పేరు మీద అజ్మలీన్ అన్నారు. గుండె డాక్టర్లకి అది ఇవాళ్టికీ అక్కరకొస్తోంది. అదే సర్పగంధి నుంచి 1952లో స్విట్జర్లాండ్ వాళ్లు రిసర్పిన్ తీశారు, అది బీపీకి దవా అయింది. ఒక్క మొక్కలోనే ఇన్ని పదార్థాలు, ఒక్కోదానిది ఒక్కో పని. గుప్పెడు నూరి తాగితే ఏది ఎంత లోపలికి పోయిందో ఎవరికి తెలుస్తుంది?

అందుకే మనిషి నోట్లోకి వెళ్లకముందే కొన్ని సవాళ్లకి జవాబు కావాలి. కణాల మీద పనిచేస్తోందా? జంతువుల్లో రక్తంలోకి ఎంత చేరుతోంది? లివర్ దాన్నేం చేస్తోంది? ఏ మోతాదు దగ్గర జహర్ అవుతోంది? కడుపులో బిడ్డకి నుక్సాన్ ఉందా? దీనికే ఏళ్లు పడతాయి. ఎక్కువ పదార్థాలు ఇక్కడే ఆగిపోతాయి.

కోస్తావాళ్లకి బోదకాలు బాధ తెలుసు. ఇంటింటికీ తెచ్చి మింగించే డీఈసీ మాత్ర, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం అమెరికాలోని లెడర్లీ కంపెనీలో చేసిన మెహనత్. బోదకాలు పురుగు జాతికి చెందిన పురుగే ఉండే కాటన్ ర్యాట్ ఎలుకలకి రసాయనాలు ఇచ్చి, రక్తంలో పురుగు పిల్లలు తగ్గుతున్నాయా అని చూశారు. తర్వాత కుక్కల్లో చూశారు. ఫలితాలు 1947లో బయటికొచ్చాయి. మరుసటి ఏడే ఆయన పోయారు.

ఇమ్తెహాన్‌లో ఫెయిలైన దవా కథ కూడా మన దగ్గరే ఉంది. విజయవాడకి కృష్ణ అవతల తాడేపల్లిలో పుట్టిన కల్లం అంజిరెడ్డి గారి డాక్టర్ రెడ్డీస్, షుగర్ కోసం రాగాగ్లిటజార్ కనిపెట్టి డెన్మార్క్ కంపెనీ నోవో నార్డిస్క్‌కి ఇచ్చింది. మనుషుల మీద పరీక్షలు కూడా నడుస్తున్నాయి. ఆ టైంలో ఎలుకల్లో మూత్రాశయ కణితులు కనిపించాయి. 2002లో ఆపేశారు. ఎంత ఖర్చయినా సరే, ఆపేశారు. ఏ నుస్ఖా అయినా ఎలుకకి హాని చేసిందని వెనక్కి తీసుకోవడం మీరెప్పుడైనా చూశారా?

కంపెనీలు ఫరిష్తాలని నేననను. దవాల ధరల గురించి గట్టిగా అడగాల్సిందే. కానీ కంపెనీ మీద కోపంతో మన జాన్ మీదికి తెచ్చుకోవద్దు. మా ఖాలా ఒకరు ఫోన్లో చూసిన కషాయం నమ్మి షుగర్ మాత్రలు మానేశారు. కాలి పుండు మానక రెండు వేళ్లు పోయాయి. నుస్ఖా పంపినవాళ్లు పలకరించడానికి కూడా రాలేదు.

కాబట్టి భాయీలారా, బెహెన్‌లారా, నుస్ఖా వస్తే ఫార్వర్డ్ చేసే ముందు మూడు అడగండి. ఎంత మోతాదు? ఎవరి మీద చూశారు? నుక్సాన్ ఎవరు లెక్కపెట్టారు? జవాబు లేకపోతే మీ దగ్గరే ఆపేయండి. డాక్టర్ రాసిన మాత్రలు మాత్రం మానకండి. ఇంట్లో కెమిస్ట్రీ అంటే షౌక్ ఉన్న బిడ్డ ఉంటే, ఎంబీబీఎస్ సీటు రాలేదని చిన్నబుచ్చకండి. దవా రాసేవాళ్లతో పాటు తలాష్ చేసేవాళ్లూ మన ఖౌమ్‌కి కావాలి.