మైపాడుకు ఒక పూలగుత్తి

"అన్నా! సినిమాల్లో హీరో ఒక్క ఫోన్ కొడితే హీరోయిన్ ఇంటి గుమ్మంలో బొకే వాలుతుంది. మైపాడులో ఉన్న మా అమ్మాయికి నేను పంపాలంటే ఎట్టా?" అని నెల్లూరు నుంచి ఒక సోదరుడు ఉత్తరం రాశాడు. పేరు వేయవద్దన్నాడు. వేయను. ఆ "మా అమ్మాయి" ఎవరో కూడా రాయలేదు. తన వయసు పందొమ్మిది అన్నాడు కనుక కూతురు కాదని మాత్రం అర్థమైంది!

చదివి నవ్వుకున్నాను. ఎగతాళి నవ్వు కాదు సుమండీ! మైపాడుకు పూలగుత్తి పంపడమంటే ఏమిటో ఈ వేసవిలో స్వయంగా అనుభవించి ఉన్నాను. కాకపోతే నేను పంపింది ప్రేయసికి కాదు, మా మేనత్తకు.

మైపాడు ఎరగనివాళ్ళకు ఒక్క మాట. నెల్లూరు నుంచి తూర్పుగా సుమారు పాతిక కిలోమీటర్లు పోతే రోడ్డు అయిపోయి సముద్రం మొదలయ్యే చోటది. ఇందుకూరుపేట మండలం. ఆదివారమైతే నెల్లూరు కుర్రకారంతా అక్కడే. కార్తీక పౌర్ణమికి సముద్రస్నానాలు. మిగతా రోజుల్లో పడవలు, వలలు, ఎండుచేపల వాసన, సరుగుడు చెట్లలో గాలి హోరు. పొద్దు వాలేసరికి మల్లెలు, కనకాంబరాలు మూర లెక్కన బుట్టలో పెట్టుకుని వీధిలోకి వస్తారు. మూర కావాలా, ఎన్ని మూరలైనా దొరుకుతాయి. బొకే కావాలంటే మాత్రం మా అత్త వాళ్ళ వీధిలో మీ మొహం వింతగా చూస్తారు.

మార్చిలో అత్తకు నెల్లూరులో కంట్లో శుక్లం తీశారు. నేను హైదరాబాదులో నా రాతకోతల్లో మునిగిపోయి వెళ్ళలేదు. చిన్నప్పుడు నన్ను అయిదేళ్ళు సాకిన మనిషి. ఫోన్‌లో "రాకపోతే ఏంలే అబ్బయా" అంది కానీ, ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు. మే నెలలో నల్లకళ్ళద్దాలు తీసేసిందని తెలిసి ఏదన్నా పంపుదామనుకున్నాను. చీర పంపితే బీరువాలో పెడుతుంది. స్వీట్లు పంపుదామంటే షుగరు. అప్పుడు సినిమాల్లో ఆస్పత్రి సీను గుర్తొచ్చింది. తలకు కట్టు, గ్లూకోజు సీసా, తలుపు సందులోంచి ముందు బొకే, దాని వెనక హీరో మొహం! ఇదే బాగుందనుకున్నాను.

ఫోన్‌లో ఒక కంపెనీని వెతికి మైపాడు పిన్‌కోడు కొడితే, అక్కడికి మేము పంపం పొమ్మంది. ఇంకో కంపెనీ డబ్బు పుచ్చుకుని, మర్నాడు తీరిగ్గా "నెల్లూరు టౌను వరకే తెస్తాం సార్, వాళ్ళని వచ్చి తీసుకోమనండి" అంది. అరవై దాటిన మనిషి, కొత్త కన్ను వేసుకుని, తన బొకే కోసం తనే ఎండలో పాతిక కిలోమీటర్లు రావాలట! ఆ డబ్బు వెనక్కి రావడానికి పట్టిన రోజుల్లో ఒక మల్లెతీగ మొగ్గతొడిగి పూసి రాలిపోయి ఉంటుంది.

చివరికి నెల్లూరు మిత్రుడొకడు ఆదుకున్నాడు. కొట్లో పది ఎర్రగులాబీలు, నాలుగు జెర్బెరాలు కట్టించి, మైపాడు వెళ్ళే షేర్ ఆటో అతనికి అప్పజెప్పాడు. ఇలాంటి పొడుగు కాడల గులాబీలు ఎక్కువగా హోసూరు, బెంగుళూరు వైపు పాలీహౌసుల్లో పెంచుతారు. ఎక్కడో కోసి, నీళ్ళు తాగించి, చల్లటి పెట్టెల్లో రాత్రికి రాత్రి పంపితే మన కొట్లకు తాజాగా వస్తాయి. వందల కిలోమీటర్లు కులాసాగా వచ్చిన ఆ పూలు కాస్తా చివరి పాతిక కిలోమీటర్లలో ఓడిపోయాయి!

విలనెవరో తెలుసా? మామిడిపళ్ళు! ఎండ తగలకూడదని ఆటో డ్రైవరు పాపం మంచి మనసుతోనే బొకేను వెనక, ఎవరిదో మగ్గిన బంగినపల్లి బుట్ట మీద పెట్టి పైన గోతం కప్పాడు. పండే పండు ఇథిలీన్ అనే వాయువు వదులుతుంది. పక్క పండును పండించేదీ అదే, పువ్వును త్వరగా ముసలిదాన్ని చేసేదీ అదే. పైన నలభై డిగ్రీల ఎండ, గోతం కింద గాలాడదు. ఇంక చెప్పేదేముంది? గుమ్మం చేరేసరికి నాలుగు గులాబీలు తలలు వేలాడేశాయి. మిగతా ఆరూ, జెర్బెరాలూ నిలిచాయి. పంపేవాళ్ళు గుర్తు పెట్టుకోండి. కాడల చివరలకు తడిదూది చుట్టి పాలిథీన్ కట్టించాలి. పళ్ళబుట్టకు దూరంగా, వీలైతే మనిషి చేతుల్లోనే పోవాలి. ఇంటికి చేరగానే కాడలు ఏటవాలుగా ఒక అంగుళం కోసి నీళ్ళలో పెట్టాలి. రోజూ నీళ్ళు మారిస్తే నాలుగైదు రోజులు మనతో ఉంటాయి.

ఇదంతా మా అత్తకు ఫోన్‌లో చెబుదామని సిద్ధంగా కూర్చున్నాను. ఆవిడ ఫోన్ చేసి మొదట అడిగిన ప్రశ్న వేరు.

"ఏందబ్బయా ఇది? ఎవరికి పంపబోయి ఎవరికి పంపావు?"

"నీకే అత్తా."

"నాకు పూలేందిరా?"

అప్పుడు తట్టింది నా బుర్రకు. మామయ్య పోయి ఇరవై రెండేళ్ళు. మా అత్త పెరట్లో బోరింగు పక్కన గుండుమల్లె పొద ఉంది. వేసవిలో రోజూ సాయంత్రం మొగ్గలు కోసి, అరటినారతో మూరలకు మూరలు కట్టి వీధిలో ఆడపిల్లలందరి జడల్లో పెడుతుంది. పెళ్ళికూతుళ్ళకు పూలజడ కుట్టాలంటే ఆ వీధిలో ఆవిడే. ఆ ఇరవై రెండేళ్ళలో ఒక్క మొగ్గ తన తలలోకి పోలేదు. ఎవరూ పెట్టుకోవద్దని నోరు తెరిచి అనలేదు. ఎవరూ పెట్టుకోమనీ అనలేదు.

ఆలోచించి చూడండి. మన ఇళ్ళల్లో ప్రతి పువ్వుకూ ఒక అడ్రసు ఉంటుంది. జడకు, దేవుడి పటానికి, పెళ్ళిపందిరికి, పాడెకు. ఊరికే చేతికిచ్చే పువ్వు మనకు అలవాటు లేదు. అందుకే సినిమా టైటిళ్ళలో పూలు కావలసినన్ని ఉన్నా, 1978లో శోభన్‌బాబు "మల్లెపువ్వు" దగ్గర్నుంచి 1995లో కృష్ణవంశీ "గులాబి" దాకా, "బొకే" అని పేరు పెడదామనే ఆలోచన మన వాళ్ళకు రాలేదేమో! చెప్పొద్దూ, నాకూ బొకే అంటే ఇన్నాళ్ళూ షోకు వ్యవహారమనే అభిప్రాయం. బంగళా మెట్లు దిగే హీరోయిన్ తండ్రికి ఇవ్వడానికి పనికొచ్చే వస్తువు.

అత్త అలా అడిగాక అభిప్రాయం మార్చుకున్నాను. జడలో పెట్టక్కర్లేని, దేవుడికి వేయక్కర్లేని పువ్వు గనుకే అది ఆవిడ దాకా పోగలిగింది.

మన సినిమా ఈ విషయంలో వెనకబడిందని నేననను. కందుకూరి వీరేశలింగం గారు 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించారు. టాకీలు వచ్చి పదేళ్ళయినా కాకముందే 1939లో "మళ్ళీ పెళ్ళి", 1940లో బి.ఎన్. రెడ్డి గారి "సుమంగళి" ఆ సమస్యనే ఎత్తుకున్నాయి. 1986లో "స్వాతిముత్యం"లో కమల్‌హాసన్ రాధిక మెడలో తాళి కడుతుంటే హాల్లో చప్పట్లు కొట్టాం. బాగుంది. కానీ పెళ్ళి అక్కర్లేని మా అత్తలాంటి వాళ్ళ సంగతేమిటి? తాళి కట్టేవాడు రాకపోతే పువ్వు కూడా రాకూడదా?

ఎదురింటి ముసలమ్మ రానే వచ్చిందట. చెంబులో గులాబీలు చూసి "నీకెందుకే ఇయ్యి?" అని మూతి తిప్పింది. మా అత్త తడుముకోకుండా "పెట్టుకోడానికి కాదులే పెద్దమ్మా, చూసుకోడానికి. కన్ను కొత్తది గదా!" అంది. ఆ రాత్రి ఫోన్‌లో నాతో మాత్రం వేరే మాటంది. "ఎరుపు ఇంత ఎర్రంగా ఉంటాదని మర్చేపొయ్యుండా అబ్బయా. ఇన్నాళ్ళూ ఇటికె రంగులో అగపడేది." శుక్లం కమ్మిన కంటికి రంగులన్నీ మాసి, పసుపు కలిసినట్టు కనపడతాయని డాక్టర్లు చెబుతారు. అది తీసేశాక కొత్త కంటితో మా అత్త చూసుకున్న ఎరుపు హోసూరు గులాబీలది. మామిడిపళ్ళను క్షమించేశాను.

ఇక మన సోదరుడి సంగతి. మా అత్తకు పూలు పంపితేనే ఎదురింట్లో మూతి తిరిగింది. పందొమ్మిదేళ్ళ వయసులో ఉన్న ఆడపిల్లకు పంపితే? ఆటో అతను వీధి మొగలో ఆగి "ఫలానా అమ్మాయి ఇల్లెక్కడ?" అని నలుగురిని అడుగుతాడు. కార్డు మీద రాసిన ముక్క ఆ అమ్మాయి కంటే ముందు వీధి చదువుతుంది. సాయంత్రానికి ఆ పిల్ల ఫోన్ వాళ్ళ నాన్న జేబులో ఉంటుంది. మర్నాడు కాలేజీకి పంపాలా వద్దా అని ఇంట్లో పంచాయితీ. నెల తిరక్కుండా సంబంధాలు వెతుకుతారు. మీరు మాత్రం నెల్లూరులో స్నేహితులకు ట్రీట్ ఇస్తుంటారు! బొకే ఖరీదు మీది, బిల్లు ఆ అమ్మాయిది.

మన నెల్లూరు జిల్లా ఉదయగిరిలో పుట్టిన సింగీతం శ్రీనివాసరావు గారి "పుష్పక విమానం" చూశారా? 1987. ఒక్క డైలాగు లేని సినిమా. చివర్లో అమల వెళ్ళిపోతూ గులాబీతోపాటు తన అడ్రసున్న కాగితం కమల్‌హాసన్‌కు వదులుతుంది. కాగితం గాలికి కొట్టుకుపోతుంది. ఇతని చేతిలో గులాబీ మిగులుతుంది. ఆ సీను చూసి అడ్రసు పోయిందే అని అందరం బాధపడ్డాం. కానీ ఆ అడ్రసు ఎవరిచ్చారో గమనించారా? ఆ అమ్మాయే, తనంతట తాను ఇచ్చింది. కమల్ ఏ ఆటోవాడినో పట్టుకుని ఇల్లు వాకబు చేయలేదు.

అంచేత, సోదరా, నెల్లూరులో బొకే కట్టే కొట్లున్నాయి, మైపాడుకు ఆటోలున్నాయి, తడిదూది సంగతి పైన చెప్పాను. అదేమంత కష్టం కాదు. కానీ మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అందులో మీ పేరుంది, మీ కాలేజీ ఉంది, ఆ అమ్మాయి ఏ రంగు లంగావోణీ వేసుకుంటుందో కూడా ఉంది. ఆ అమ్మాయికి మీరెవరో తెలుసా లేదా అన్నది మాత్రం లేదు. ముందు అది రాయండి.