విడుదలైనవాళ్లకు పని చూపండి, వేటాడటం మానండి!



మొన్న మన మార్కెట్ వీధిలో ఒక మోటార్ సైకిల్ పోయింది. తెల్లారేసరికి పోలీసులు ఒక కుర్రాణ్ణి ఎత్తుకెళ్లారు. పాత దొంగతనం కేసులో శిక్ష పూర్తిచేసుకుని వచ్చి మెకానిక్ షెడ్డులో కుదురుకున్నవాడు. బండి వేరేచోట దొరికాక వదిలేశారు. అప్పటికే షెడ్డు యజమాని ఇంకొకణ్ణి పెట్టుకున్నాడు.

పాత కేసున్న ప్రతి ఇంటిదీ ఇదే గోడు. ఊళ్లో ఏది పోయినా ముందు వాళ్ల తలుపే కొడతారు. అర్ధరాత్రి లేపి ఫొటో తీసుకుంటారు. వాకిట్లో జీపు చూసిన ఇంటాయన ఖాళీ చేయమంటాడు. బడిలో పిల్లను దొంగ కూతురంటారు. పనీ కొంపా పోయినవాణ్ణి వెతుక్కుంటూ వచ్చేదెవరు? జైల్లో కలిసిన జట్టే! వాళ్లకంటే ముందు సర్కారు తరఫున ఒక్క మనిషి రాకూడదా?

1958 నాటి ప్రొబేషన్ చట్టం 14వ సెక్షన్ చదవండి. తన పర్యవేక్షణలో ఉన్నవాళ్లకు అవసరమైతే తగిన ఉపాధి వెతికిపెట్టేందుకు ప్రయత్నించే బాధ్యత ప్రొబేషన్ ఆఫీసరుదేనని అందులో ఉంది. కోర్టు మంచి నడవడి షరతు మీద వదిలినవాళ్లకు ఉన్న ఆ ఆసరా జైలు నుంచి వచ్చినవాళ్లకెందుకు ఉండకూడదు?

నిఘా పెడితేనే దారికొస్తారనే పెద్దలు బాపట్ల దగ్గరి స్టువర్టుపురం చరిత్ర చూడాలి. 1871 చట్టం జాతులకు జాతులనే నేరస్తులుగా ముద్ర వేసింది. ఎరుకల కుటుంబాలను తెచ్చి అక్కడ సెటిల్మెంటులో పెట్టారు. 1952లో ఆ చట్టం పోయినా పోలీసుల రాకపోకలు ఆగలేదు. తరాల తరబడి కాపలా కాసి ఏం సాధించారు? కవి జాషువా కుమార్తె హేమలతా లవణం, ఆమె భర్త లవణం 1970ల్లో ఆ జనం మధ్యకు వెళ్లి సంస్కరణకు పూనుకున్నారు. చేతిలో లాఠీ లేదు. ఆ పని సర్కారు ఎందుకు చేయదు?

దొంగలకు సేవలేమిటని కొందరంటున్నారు. రేపు మీ ఇంటి తాళం పగలకూడదనే అడుగుతున్నాం.

ప్రతి సబ్‌జైలుకూ శిక్షణ పొందిన సామాజిక కార్యకర్తను వేయాలి. విడుదలకు ముందే ఇల్లు, ఆధార్, బ్యాంకు ఖాతా, పని చూడాలి. తాగుడు మాన్పించే వైద్యం ఇప్పించాలి. బయటికొచ్చాక ఏడాదిపాటు ఇంటికెళ్లి కనుక్కోవాలి. ఆధారం లేకుండా పోలీసులు వాళ్లు పనిచేసే చోటికి వెళ్లకూడదు.

ఈ డిమాండ్లతో కలెక్టరుకు అర్జీ ఇస్తున్నాం. గాంధీబొమ్మ సెంటరులో సంతకాలు తీసుకుంటున్నాం. షాపుల యజమానులు ముందుగా రండి. సంతకంతోపాటు మీ దగ్గర ఎంతమందికి పని ఇవ్వగలరో కూడా రాయండి.